ఫోన్లు తీసుకునే చోటు

"ఎలాగూ ఖాళీగా కూర్చునే ఉన్నావుగా, అమ్మ కాళ్ళకి నీళ్ళు పెట్టెయ్" అన్నాడు మా ఆయన దెషాన్.

కూర్చున్న మాట నిజమే. ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫైనలియర్ పిల్లలకి సోమవారం పంచాల్సిన ఇంగ్లీషు కాంప్రహెన్షన్ పేపరు తయారుచేస్తూ కూర్చున్నాను. అతనూ కూర్చునే ఉన్నాడు, సోఫాలో, కాళ్ళు బల్ల మీద చాపి. మేమిద్దరం ఒకే స్కూల్లో పనిచేస్తాం. నేను ఇంగ్లీషు చెప్తాను, అతను ఒకప్పుడు లెక్కలు చెప్పి ఇప్పుడు పాఠ్య విభాగానికి ఉపాధికారి అయ్యాడు. పొద్దున ఒకే స్కూటర్ మీద వెళ్తాం, సాయంత్రం ఒకే స్కూటర్ మీద వస్తాం, వచ్చేటప్పుడు నా ఒళ్ళో కూరల సంచీ ఉంటుంది. గుమ్మం దాటాక అతను అలిసిపోయిన మనిషి అవుతాడు, నేను ఖాళీగా ఉన్న మనిషిని అవుతాను. ఇది ఎవరు ఎప్పుడు నిర్ణయించారో నాకు గుర్తులేదు.

నీళ్ళు కాచి, అల్లం ముక్కలు వేసి, చెక్క తొట్టిలో పోసి అత్తయ్య ముందు పెట్టాను. తుంటి ఎముక విరిగిన దగ్గర్నుంచి ఆవిడ మంచానికీ కుర్చీకీ మధ్యే బతుకుతోంది. ఆవిడ కాళ్ళు నీళ్ళలో పెట్టేముందు నా చెయ్యి పెట్టి చూడాలి. నా చేతికి సరిపోయిన వేడి ఆవిడకి ఎప్పుడూ సరిపోదు. "చల్లగా ఉన్నాయి" అంటుంది, ఇంకాస్త పోస్తే "తోలు ఊడదీస్తావా ఏంటి" అంటుంది. నేను కింద కూర్చుని పాదాలు రుద్దుతూ, పక్కన నేల మీద పెట్టుకున్న ల్యాప్‌టాప్‌లో మూడో పాసేజీకి ఆప్షన్లు ఆలోచిస్తున్నాను. తడి చేత్తో టైప్ చెయ్యకూడదు కాబట్టి నోటితో చెప్పుకుని గుర్తుపెట్టుకుంటున్నాను. అత్తయ్య నేనేదో గొణుగుతున్నానని అనుకుంది. కోడలు తనను తిడుతోందని కొడుక్కి చెప్పింది. దెషాన్ నవ్వాడు. నన్ను సమర్థించడానికి నవ్వాడో, ఆవిడని సమర్థించడానికి నవ్వాడో తెలియకుండా నవ్వడం అతనికి బాగా వచ్చు.

కాంప్రహెన్షన్ పేపరు తయారుచెయ్యడంలో కష్టం సరైన జవాబు రాయడంలో ఉండదు, తప్పు జవాబులు రాయడంలో ఉంటుంది. నాలుగు ఆప్షన్లలో మూడు తప్పుగా ఉండాలి, కానీ తప్పని ఇట్టే తెలిసిపోకూడదు. ఒకదానిలో పాసేజీ కన్నా పెద్ద మాట చెప్పాలి. ఒకదానిలో పాసేజీలో లేనిది, చదివేవాళ్ళ మనసులో ఉన్నది చెప్పాలి. మూడోది సగం నిజం కావాలి. మొదటి రెండింటిలో చదవని పిల్లలు పడతారు, మూడోదానిలో బాగా చదివే పిల్లలు కూడా పడతారు, ఎందుకంటే ఆ సగం నిజం వాళ్ళకి పాసేజీలో కళ్ళెదురుగా కనిపిస్తూ ఉంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో దెషాన్ నాతో అబద్ధం ఆడిన గుర్తులేదు. అతను మాట్లాడేదంతా ఆ మూడో రకం.

మా ఇంగ్లీషు విభాగానికి పెద్ద దూ సార్. మా కౌంటీలోని అన్ని హైస్కూళ్ళకీ వెళ్ళే వారపు పేపరు మీద ప్రధాన సంపాదకుడుగా ఆయన పేరుంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో "తదితరులు" అని ఉంటుంది. ఆ తదితరులు నేనే. పాసేజీలన్నీ నేనే వెతికో, రాసో, కుదించో తెస్తాను. ఆయన ఆఖరి రెండు వాక్యాలు మారుస్తారు. ఆయన చెప్పే మాట ఒక్కటే: "తాన్ మేడమ్, వెచ్చగా ముగించండి."

ఆ వారం నేను రాసింది హువాయ్ నదిలో పడవ నడిపిన ఒక ముసలామె కథ. నలభై ఏళ్ళు అందరినీ ఒడ్డు దాటించిన ఆమె, వంతెన కట్టాక పడవ అమ్మేసి, ఎవరికీ చెప్పకుండా సముద్రం చూడ్డానికి రైలెక్కుతుంది. అక్కడితో అయిపోతుంది. దూ సార్ ఆమెను రైలు దింపేశారు. రెండో స్టేషన్లోనే మనవడు గుర్తొచ్చి వెనక్కి వచ్చేసినట్టు రాశారు. ప్రశ్న కూడా ఆయనే చేర్చారు: ఈమె గురించి మనకు ఏం తెలుస్తోంది? జవాబు మూడో ఆప్షన్: కుటుంబమే ఆమెకు అన్నిటికన్నా ముఖ్యం. నేను ఆయన గదికి వెళ్ళి, ఆమె సముద్రం దాకా వెళ్తే ఏం నష్టమని అడిగాను. ఆయన టీ కప్పు మూత తీసి ఆవిరి ఊదుకుంటూ, మనం పిల్లలకి పరీక్ష రాయడం నేర్పుతున్నామనీ బతకడం కాదనీ అన్నారు. అంతలో ఆయన భార్య మధ్యాహ్నం డబ్బా పంపించింది. ఆయన తినడం మొదలుపెట్టారు, నేను బయటికి వచ్చేశాను.

మా అమ్మాయి వెన్‌చీ అదే స్కూల్లో సెకండియర్. ఫైనలియర్ పేపర్లు కూడా ముందే చేసేస్తుంటుంది. ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఆ పేపరు చేస్తూ, పడవ ముసలామె దగ్గరికి వచ్చేసరికి పాసేజీ వైపు చూడకుండానే మూడో ఆప్షన్‌కి సున్నా చుట్టేసింది. చదివి చెయ్యమన్నాను.

"చదవక్కర్లేదమ్మా. అమ్మో అమ్మమ్మో కనిపిస్తే త్యాగం ఉన్న ఆప్షన్ పెట్టెయ్యడమే. ఎప్పుడూ తప్పు పోలేదు" అంది.

తప్పు పోలేదు నిజంగానే. దానికి ఆ విభాగంలో ఎప్పుడూ పూర్తి మార్కులే. నేను ఆకుకూర ఏరుతున్న చేతులు అలాగే ఉంచి కూర్చుండిపోయాను. ఈ కౌంటీలో పరీక్షకి కూర్చునే ఆడపిల్లలందరికీ తల్లి అంటే ఎవరో నా పేపర్లు నేర్పుతున్నాయి. చేప తల మాత్రమే తిని పిల్లలకి కండ పెట్టే తల్లి, వానలో గొడుగు లేకుండా నిలబడే తల్లి, జ్వరాన్ని దాచుకునే తల్లి. వాళ్ళంతా నా చేతుల మీదుగా పోయారు. వాళ్ళలో ఎవరైనా కోపంగా ఉంటే దూ సార్ ఆ కోపం తీసేశారు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీదో తేల్చుకోలేక ఆకుకూర ఏరడం పూర్తిచేశాను.

తర్వాతి వారం నగర విద్యా పరిశోధన కార్యాలయం నుంచి లువో మేడమ్ వచ్చారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, పొట్టి జుట్టు, ఎప్పుడూ ఒకే నల్ల సంచీ. నా క్లాసులో చివరి బెంచీలో కూర్చుని మొత్తం విన్నారు. క్లాసు అయ్యాక పొగడ్త కోసమో తిట్టు కోసమో ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆవిడ నన్ను వరండా చివరికి, పిల్లలు ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు పట్టుకునే కుళాయిల దగ్గరికి తీసుకెళ్ళారు. నీళ్ళ చప్పుడులో మన మాట ఇంకొకరికి వినబడదు.

"ఈ ఏడూ కుదరదంటారా?" అని అడిగారు.

ఏది కుదరదో నాకు అర్థం కాలేదు. ఆవిడ నా మొహం చూసి, గొంతు తగ్గించి చెప్పారు. దేశమంతా రాసే ఆ పెద్ద పరీక్షకి ముందు మా నగరానికీ దాని కిందున్న కౌంటీలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి పరీక్ష పెడతారు. ఆ పేపరు తయారుచేసేవాళ్ళని ఒక చోట పెట్టి గేటుకి తాళం వేస్తారు. ఫోన్లు తీసేసుకుంటారు. పరీక్ష ముగిసే దాకా ఎవరూ బయటికి పోకూడదు, ఎవరూ లోపలికి రాకూడదు. ఇలాంటిది ఒకటి ఉందని మా వృత్తిలో అందరికీ తెలుసు. ఎవరు వెళ్తారన్నది మాత్రం ఎవరూ అనరు. పిలుపు స్కూలుకి రహస్యంగా వస్తుంది, స్కూల్లో ఒకే ఒక్క మనిషి చేతికి వస్తుంది, జవాబు ఆ మనిషే రాస్తాడు.

"మూడేళ్ళుగా మీ పేరే పంపిస్తున్నానమ్మా. అత్తగారికి బాగాలేదు, తానే రాలేనంది అని మూడేళ్ళుగా మీ స్కూలు నుంచి జవాబు వస్తోంది. మీ బదులు దూ గారొస్తున్నారు" అన్నారు లువో మేడమ్.

ప్రతి వసంతంలో దూ సార్ శిక్షణకని ఎక్కడికో వెళ్తారు. తిరిగి వచ్చేసరికి ఆయన బుగ్గలు నిండుగా, నిద్ర తీరిన మనిషిలా ఉంటారు. ఆ రోజులన్నీ ఆయన క్లాసులు నేనే తీసుకునేదాన్ని. ఆయనకి ఆ మధ్య సీనియర్ హోదా వచ్చిందంటే అందరం చప్పట్లు కొట్టాం, నేను కొంచెం గట్టిగానే కొట్టాను. మా స్కూల్లో రహస్య కాగితాలు చూసే ఆ ఒక్క మనిషి మా ఆయన. రహస్యం కాపాడటం అతని ఉద్యోగం. దాన్ని నిక్కచ్చిగా చేశాడు.

లువో మేడమ్ ఇంకో మాట కూడా చెప్పారు. వచ్చే ఏడు వెన్‌చీ ఫైనలియర్‌కి వస్తుంది, పరీక్ష రాసే పిల్లల తల్లిదండ్రులకి అక్కడ చోటుండదు. ఆ పై ఏడు ఆవిడ ఉద్యోగంలో ఉండరు, వచ్చే కొత్తవాళ్ళకి తాన్ యేలాన్ అనే మనిషి ఒకతి ఉందని తెలియదు. పేపర్ల మీద తదితరులు అని మాత్రమే ఉంటుంది కదా అని ఆవిడ నవ్వకుండా అన్నారు. "ఈసారి కాగితం మీద జవాబు నమ్మను. మీ నోటితో వినాలి. శుక్రవారం లోపల ఫోన్ చెయ్యండి."

ఆ మధ్యాహ్నమంతా నేను క్లాసుల్లో ఉన్నాను కానీ లేను. మూడేళ్ళ అన్యాయం గురించి ఆలోచించాలి నిజానికి. హోదా గురించి, పేరు గురించి మండిపడాలి. నా బుర్ర మాత్రం ఆ గేటు చుట్టూ తిరుగుతోంది. తాళం వేస్తారట. భోజనానికి గంట కొడతారట, అంటే ఎవరో వండుతారు. నా మంచం మీద నేనొక్కదాన్నే పడుకుంటాను. కత్తెర ఎక్కడుందని ఎవరూ అడగరు. అన్నిటికన్నా ఆ ఫోన్ తీసుకోవడం. నా ఫోన్లో పొద్దున్నించీ ఏముంటాయి? క్లాసు తల్లిదండ్రుల గ్రూపులో మా వాడికి ఎందుకు తక్కువ వచ్చాయి అని ఒకరు, వెనిగర్ అయిపోయింది అని దెషాన్, పక్క గదిలోంచి లేవలేక గొంతు రికార్డు చేసి పంపే అత్తయ్య, దిండు జారిందని. దిండు సర్ది వచ్చాక మళ్ళీ జారిందని ఇంకొకటి. ఆ వస్తువుని నా చేతిలోంచి ప్రభుత్వమే లాక్కుంటుందంటే నాకు ఆ చోటు మీద పిచ్చి మోజు పుట్టింది. జైలు మీద ఆశపడే మనిషిని ఏమనాలి? నాకే సిగ్గేసింది, అయినా ఆశ పోలేదు.

ఆ సాయంత్రం చేప వేయిస్తూ దెషాన్‌ని అడిగాను. అతను ఫ్రిజ్ దగ్గర నిలబడి బీరు తీసుకుంటున్నాడు. తడబడతాడేమో అని చూశాను. అతను మూత తీసి, ఒక గుక్క తాగి, అవును నేనే రాశాను అన్నాడు. అమ్మ పరిస్థితి నీకు తెలియంది కాదుగా అన్నాడు. వెళ్ళినా అక్కడ నా మనసు నిలవదనీ, ఇల్లు ఇల్లు అని ఏడుస్తూ కూర్చునేదాన్ననీ, నన్ను ఇబ్బంది పెట్టకూడదనే నా దాకా రానివ్వలేదనీ అన్నాడు. ఒక్కొక్క మాటలో సగం నిజం ఉంది. చేప ఒకవైపు మాడింది, తిరగేశాను.

"దూ సార్ మాత్రం ఎలా వెళ్తున్నారు?" అన్నాను.

"ఆయనకేం, ఇంట్లో భార్య ఉంది."

"మనింట్లో?"

"మనింట్లో భార్యవి నువ్వే కదా" అన్నాడు దెషాన్. వెటకారంగా అనలేదు. పిల్లలకి లెక్క విడమర్చి చెప్పే గొంతుతో అన్నాడు.

మనిషిని పెడదామన్నాను. ఇద్దరు టీచర్ల ఇంట్లో ముసలమ్మని పరాయిదాని చేతుల్లో పెట్టారని నలుగురూ అనుకుంటారన్నాడు. మీ చెల్లెల్ని పిలుద్దామన్నాను. దానికి షాపుందన్నాడు. నాకు స్కూలుంది అని నేను అనలేదు, అంటే ఆ స్కూలు తనకీ ఉందంటాడు. అప్పటికే అతను అత్తయ్యకి అంతా చెప్పేశాడని రాత్రి భోజనం పెట్టేటప్పుడు తెలిసింది. ఆ రహస్యం ఇంట్లో నాకు తప్ప ఎవరికైనా చెప్పొచ్చు కాబోలు.

మర్నాడు ఒళ్ళు తుడుస్తుంటే అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. తుంటి విరిగినా ఆవిడ పట్టు గట్టిదే. పాతికేళ్ళు బట్టల మిల్లులో మగ్గాల మధ్య నిలబడ్డ చేతులు. ఆవిడ ఎప్పుడూ నన్ను బతిమాలలేదు, ఆ రోజూ బతిమాలలేదు.

"అక్కడికి పోతే నేను చచ్చినా నీకు చెప్పరటగా" అంది. కాసేపటికి, గోడ వైపు చూస్తూ, "మగపిల్లాడి చేత ఒళ్ళు కడిగించుకోమంటావా?" అంది.

ఆవిడ కష్టం ఆవిడది, అది నిజం. సగం నిజం కాదు, మొత్తం నిజం. కానీ ఆవిడ సిగ్గుకి నేను కాపలా ఉండాలి, కొడుకు సుఖానికి ఆవిడ కాపలా ఉండాలి, ఇలా ఒకరికొకరం కాపలా కాస్తూ అతను మాత్రం సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి ఇద్దరం ఒళ్ళు హూనం చేసుకుంటున్నాం. ఇది ఆవిడకి చెప్పాలనిపించింది. ఆవిడ వీపు తుడిచి, పొడి చొక్కా తొడిగి, చెప్పకుండానే బయటికి వచ్చాను. అప్పటికి నేను వెళ్ళననే అనుకుంటున్నాను. నిజంగానే అనుకుంటున్నాను.

శుక్రవారం సాయంత్రం వరకూ ఫోన్ చెయ్యలేదు. అందరం బల్ల దగ్గర కూర్చున్నాం. అత్తయ్యని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చాను. గిన్నెలన్నీ సర్ది నేను ఇంకా చాప్‌స్టిక్స్ పట్టుకోకముందే దెషాన్ తన ఫోన్ తీసి లువో మేడమ్ నంబరు నొక్కాడు. "ఈ గొడవ ఇక్కడితో తేలిపోవాలి. మా అందరి ముందూ రానని చెప్పెయ్, ఆవిడ మళ్ళీ మన ఇంట్లో నిప్పులు పొయ్యదు" అన్నాడు. స్పీకర్ పెట్టి ఫోన్‌ని చేప పళ్ళెం పక్కన నిలబెట్టాడు. లువో మేడమ్ ఎత్తగానే ఎంతో మర్యాదగా, మా ఆవిడ మీతో ఒక మాట చెప్పాలంటోంది అన్నాడు.

"చెప్పండి తాన్ టీచర్" అంది ఫోన్.

కుదరదండీ అన్న మాట నాలిక మీదే ఉంది. ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పిన మాట అది, దానంతటదే వచ్చేస్తుంది. అత్తయ్య గిన్నెలోకి చూస్తోంది. దెషాన్ నా కోసం చేప పొట్ట దగ్గర మెత్తటి కండ తీసి నా గిన్నెలో పెడుతున్నాడు, ఇన్నేళ్ళలో పెట్టనివాడు. ఇంకాస్త ఆలస్యమైతే ఎవరో ఒకరు నా బదులు చెప్పేస్తారనిపించింది.

"అమ్మ వెళ్ళదులే నాన్నా, ఎందుకీ హడావిడి" అంది వెన్‌చీ, తల ఎత్తకుండా, నూడుల్స్ నములుతూ.

పడవ ముసలామె దగ్గర సున్నా చుట్టినప్పటి గొంతే అది. పాసేజీ చదవలేదు. చదవక్కర్లేదనుకుంది. నా కన్నబిడ్డ నన్ను ఒక్కసారి కూడా చదవకుండానే నా జవాబు పెట్టేసింది, పైగా అది సరైనదని దానికి ఎంత నమ్మకం. రేపు దాని పక్కన కూర్చుని ఇంకెవరో ఇలాగే నూడుల్స్ నములుతూ దాని జవాబు పెట్టేస్తారు. అప్పుడు అది కూడా నాలాగే గిన్నెలు సర్దుతూ నిలబడి ఉంటుంది.

"వస్తున్నాను మేడమ్" అన్నాను.

అవతల నుంచి, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అందరూ ఉన్నారన్నాను. అయితే ఇంకేం మాట్లాడొద్దనీ, ఎప్పుడు ఎక్కడన్నది నాకొక్కదానికే విడిగా చెప్తాననీ చెప్పి పెట్టేశారు. వెన్‌చీ అప్పుడు తలెత్తింది. తప్పు పోయిన బిట్టుని చూసినట్టు నన్ను చూసింది. దెషాన్ ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను నా గిన్నెలో ఉన్న చేప కండ తిన్నాను, ముళ్ళు లేకుండా బాగుంది.

ఆ తర్వాతి రోజుల్లో ఇంట్లో మాటలు పోయాయి. అత్తయ్య కాళ్ళకి నీళ్ళు వద్దంది. తొట్టి తెచ్చిపెడితే గోడ వైపు తిరిగి పడుకుంది, చల్లారాక నేనే పారబోశాను. దెషాన్ స్కూటర్ మీద ఒక్కడే వెళ్ళడం మొదలుపెట్టాడు. స్కూల్లో దూ సార్ నాకు ఎదురుపడి, ఇల్లు చూసుకోవాలండీ, ఇల్లు పోయాక పేరెందుకు అన్నారు. ఆయనకి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

నేను మాత్రం సెలవురోజు పొద్దున్నే పిండి కలిపి డంప్లింగులు మడవడానికి కూర్చున్నాను. ఉల్లికాడలూ మాంసమూ ఒక రకం, కోడిగుడ్డు ఒక రకం. లేనన్ని రోజులకీ సరిపోయేట్టు మడిచి ఫ్రీజర్లో పెట్టాలని. రెండు పళ్ళేలు నిండాయి. కిటికీలోంచి పాప్లర్ చెట్ల దూది వచ్చి పిండి మీద వాలుతోంది, ఏరి పారేస్తున్నాను. మూడో పళ్ళెం మొదలుపెట్టాక నేనేం చేస్తున్నానో నాకే అర్థమైంది. నేను తాళం లోపల ఉన్నా నా చేతులు ఈ ఫ్రీజర్లోనే ఉంటాయి. రోజూ కాసిని తీసి ఉడకబెట్టుకుని, అదిగో తను లేకపోయినా ఏం లోటు లేదు అనుకుంటారు. మిగిలిన పిండి మీద గిన్నె బోర్లించి చేతులు కడుక్కున్నాను. పిండి ఉంది, మడుచుకోండి అని దెషాన్‌కి చెప్పాను. అతను నాకేసి, గిన్నెకేసి చూశాడు.

వెళ్ళే ముందురోజు అతన్ని అత్తయ్య గదిలోకి పిలిచాను. మంచం మీంచి ఎలా లేపాలో చూపించాలి కదా. ఒక చెయ్యి భుజం కిందుగా, ఇంకోటి తొడల కిందుగా, తుంటి మీద బరువు పడకుండా. అతను వంగి ఎత్తబోయి, సగంలో ఆగిపోయాడు.

"ఇంత బరువా?" అన్నాడు.

అత్తయ్య గట్టిగా కళ్ళు మూసుకుంది. ఆవిడ కనురెప్పల కింద నుంచి నీళ్ళు చెవి వైపు జారాయి. నాకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది, ఆవిడ ఆ చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది. ఆ క్షణంలో, వెళ్ళకుండా ఉండిపోదామని నిజంగా అనుకున్నాను. మనిషిని పెట్టండి, అది తప్పేం కాదు అని మాత్రం ఇద్దరికీ వినబడేలా ఇంకోసారి చెప్పాను.

పొద్దున చిన్న సూట్‌కేసుతో చెప్పులు వేసుకుంటుంటే వెన్‌చీ యూనిఫాంలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎప్పుడొస్తావని అడగలేదు, అడిగినా నేను చెప్పకూడదు. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ పాసేజీల్లో ఏ అమ్మా ఇలా వెళ్ళదు" అంది.

"వెళ్ళింది. దూ సార్ వెనక్కి తీసుకొచ్చారు" అన్నాను.

ఏ పాసేజీ గురించి అంటున్నానో దానికి తట్టిందో లేదో తెలియదు. తప్పుకుని దారి ఇచ్చింది.

కొండ వెనక ఎక్కడో పాత అతిథిగృహం. దాని పేరు చెప్పను, చెప్పకూడదు. కిటికీలకి కొత్తగా ఇనుప చట్రాలు బిగించారు. గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక నడివయసు ఆఫీసరు కూర్చుని, ఒక్కొక్కరి ఫోనూ గుడ్డసంచిలో వేసి మూతి కడుతున్నాడు. వరసలో నా ముందు ఒక లెక్కల టీచర్, ఇంకా పాలు మానని పిల్లను వదిలి వచ్చిందట, రుమాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నా వంతు వచ్చేసరికి చేతిలో ఫోన్ మోగింది. దెషాన్ పంపాడు. "అమ్మ కాళ్ళకి నీళ్ళు ఎంత వేడి ఉండాలి?" అని ఉంది. ఆఫీసరు సంచీ తెరిచి పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు. జవాబు నాకు తెలుసు. రెండు మాటలు. టైప్ చెయ్యడానికి నా బొటనవేలు దానంతటదే అక్షరాల మీదికి వెళ్ళింది. నీళ్ళు చల్లగా ఉంటే ఆవిడ చెప్తుంది, వేడిగా ఉంటే తిడుతుంది. చెయ్యి పెట్టి చూస్తే అతనికే తెలుస్తుంది. ఫోన్ ఆపేసి సంచిలో పడేశాను.

వెనక ఇనుప గేటు మూశారు. తాళం పడింది. మమ్మల్ని వరండాలో నిలబెట్టి ఆ ఆఫీసరే నిబంధనలు చదివాడు. గదులు మారకూడదు, కిటికీలు తియ్యకూడదు, బయటివాళ్ళకి సైగలు చెయ్యకూడదు. ఆఖర్న కాగితం దించి, మామూలు గొంతుతో అన్నాడు: "పరీక్ష ముగిసే దాకా మీ ఇంటివాళ్ళెవరూ మిమ్మల్ని పిలవలేరు. ఇంట్లో ఏం జరిగినా, ఎవరికేమైనా, మీకు తెలియనివ్వం. అర్థమైందా?" లెక్కల టీచర్ వెక్కి వెక్కి ఏడ్చింది. అత్తయ్య దుప్పట్లోకి లాక్కున్న చెయ్యి నాకు కళ్ళ ముందు కనిపించింది. నాకు అంతా వినబడింది. ఒక్క మాట కూడా తప్పిపోలేదు. అయినా చెయ్యెత్తాను.

"సార్, ఇంటివాళ్ళెవరూ పిలవలేరన్న ఆ మాట ఇంకొక్కసారి చెప్పండి" అన్నాను.